దర్వాజ కింద చెయ్యి

నిలబెడుతున్న దర్వాజ చట్రం జారినప్పుడు, పట్టుకున్నవాళ్ళలో నేపాలీలిద్దరూ ఎగిరి పక్కకు దూకారు. అంజి దూకలేదు. వంగి, ఇటుకల మీద పడబోతున్న పై పట్టె కింద కుడిచెయ్యి పెట్టాడు.

గడప దగ్గర కాలు అదిమిపెట్టి నిలబడ్డ లస్మయ్యకు ముందు చప్పుడే వినపడలేదు. దర్వాజ నేల పడితే వినపడాల్సిన చప్పుడది. పడలేదు కాబట్టి రాలేదు. కట్టెకూ ఇటుకకూ నడుమ అంజి చెయ్యి ఉంది. పైన పసుపుబట్టలో కట్టిన నవధాన్యాల మూట ఊడి అతని మెడ మీద పడింది.

నిలబెట్టే దర్వాజ నేల తాకగూడదు. తాకితే ఆ ఇంట్లో మనిషి దక్కడంటారు వాళ్ళ కోరుట్ల దిక్కు. చిన్నప్పటి నుంచీ ఊళ్ళో ఎన్ని దర్వాజలు లేపుతుంటే చూశాడో, అంజికి ఆ మాట ఒంట్లో ఇంకిపోయింది. కానీ అది ఇల్లయితే కదా. దోహా బయట, అల్ వుకైర్ దాటినాక ఇసుకలో వేసిన సినిమా సెట్టు. ముందు గోడకు పొట్టు కలిపి కొట్టిన మట్టిరంగు, వెనక ప్లైవుడ్డు, దానికి ఇనుప పైపుల ఊత. ఆ ఇంట్లో పుట్టేవాడూ లేడు, చచ్చేవాడూ లేడు.

కోరుట్ల పక్క పల్లెలో ఉండాల్సిన ఇల్లు ఖతర్ ఇసుకలో ఎందుకు లేచిందో మొదట్లో ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత లేబర్ క్యాంపంతా తెలిసిపోయింది. ఇక్కడికొచ్చి సినిమా తీస్తే, ఇక్కడ పెట్టిన ఖర్చులో సగం దాకా ఇక్కడి సర్కారే వాపసు ఇస్తుందట. ఇక్కడున్న మనుషులకు పని నేర్పిస్తే ఇంకాస్త కలిపి ఇస్తుందట. అందుకని హైదరాబాదు కంపెనీ మేకు కూడా దోహాలోనే కొన్నది. దర్వాజ థర్మకోల్‌తో చేసి అక్కడి నుంచి తెచ్చుంటే ఒక్క మనిషి చంకన పెట్టుకుని తిరిగేవాడు. దానికి వాపసు రాదు. అసలు కట్టె, బరువైన కట్టె, ఇక్కడి బిల్లుతో కొని ఇక్కడే చెక్కించారు. షట్టరింగు పనికి పోయే లస్మయ్యనూ, వరసకు అల్లుడైన అంజినీ వాళ్ళు పనిచేసే కంపెనీ నుంచి అడిగి తీసుకున్నారు. మెడలో ట్యాగులేశారు. బుద్ధి తెలిసినప్పటి నుంచి ఉలి పట్టిన లస్మయ్య ఆ ట్యాగు ప్రకారం పని నేర్చుకుంటున్న మనిషి.

కెమెరా కింద నుంచి చూస్తుందనీ, బరువు బాగా కనపడాలనీ డైరెక్టరు అదే దర్వాజను లేపించి, దింపించి, మళ్ళీ లేపించాడు. చేతులు చెమటపట్టినయ్, ఒక్క నిమిషం ఆగుదామని లస్మయ్య అన్నాడు. ఎండ పోతోందన్నారు. ఆ తర్వాతే జారింది.

దర్వాజ ఎత్తి చెయ్యి బయటికి తీసేసరికి మొదట వచ్చింది కృష్ణప్రసాద్. దోహాలో సినిమా పనులన్నీ చూసేది ఆయనే. భీమవరం మనిషి. ఇక్కడ ఏళ్ళుగా ఇంజనీరు ఉద్యోగం చేసి, ఈ వాపసుల సంగతి తెలియగానే మానేసి, హైదరాబాదు వాళ్ళకూ, వాపసులిచ్చే సర్కారు ఆఫీసుకూ నడుమ తన సొంత కంపెనీ పెట్టుకున్నాడు. అల్ ఘర్రాఫాలో విల్లా. మాట మెత్తన. ఆయన అంజి చెయ్యి చూశాడు, చుట్టూ చూశాడు, జేబులోంచి చిన్న కత్తెర తీసి అంజి మెడలో ట్యాగు తాడు కత్తిరించాడు. ట్యాగును మడిచి ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాతే నీళ్ళు తెమ్మన్నాడు.

"ఎవడు చెయ్యి పెట్టమన్నాడయ్యా? బుద్ధున్నవాళ్ళు దూకారా లేదా?" అన్నాడు, అంజిని కాదు, లస్మయ్యను చూసి. "బొమ్మ కొంప కోసం చెయ్యి పెడతారా ఎవరైనా?"

కారు వెనక సీట్లో అంజి తల ఒళ్ళో పెట్టుకుని లస్మయ్య అంతా విన్నాడు. కృష్ణప్రసాద్ హైదరాబాదుతో ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఏమీ లేదండి, మనవాడు కాదు, చూడ్డానికొచ్చిన కుర్రాడండి అంటున్నాడు. రిపోర్టు పడితే పోలీసులొస్తారు, పని ఆపుతారు, హీరో డేట్లు అయిపోతాయి, ఆఫీసువాళ్ళు సెట్టు చూడ్డానికి వచ్చేవేళకు ఇది వాళ్ళ చెవిన పడిందంటే సగమూ పోతుంది, మొత్తమూ పోతుంది. ఇవన్నీ ఆయన దాచకుండానే మాట్లాడాడు. వెనక కూర్చున్న వాళ్ళకు వినపడినా ఒకటే, వినపడకపోయినా ఒకటే అన్నట్టు.

పెద్దాసుపత్రికి పోలేదు. తెలిసినవాళ్ళ చిన్న క్లినిక్‌కి పోయారు. క్యాంపు బాత్రూంలో కాలు జారి పడ్డాడని చెప్పాడు కృష్ణప్రసాద్. కుట్లు వేసి కట్టు కట్టారు. మెసైమీర్‌లో క్యాంపు బిల్డింగు ముందు దింపుతూ, నాలుగు రోజులు రూంలో పడుకోమను, డ్యూటీ చేసినట్టే వేసేస్తాలే అన్నాడు. లస్మయ్య కారు తలుపు వేయకుండా అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు. ఆయన లోపలి నుంచి వంగి తలుపు లాక్కున్నాడు.

*

అంజి చెయ్యి మణికట్టు దాకా వాచింది. కట్టు బయట కనపడే వేళ్ళ కొసలు నల్లబడ్డాయి. అన్నం లస్మయ్యే కలిపి ముద్దలు పెట్టాడు. ఇద్దరికీ అది ఇబ్బందిగానే ఉంది. ఒకడు నోరు తెరిచి గోడ చూస్తే ఇంకొకడు పళ్ళెం చూశాడు. డ్యూటీలో తగిలిందని రాస్తే ఆసుపత్రి వాళ్ళే చూస్తారు, ఇన్సూరెన్సు వస్తుంది, బాత్రూంలో తగిలిందంటే టికెట్టు కొనిచ్చి ఇంటికి తోలుతారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. కుడిచెయ్యి పోయిన వడ్రంగికి ఇంటి దగ్గర ఏం పని ఉంటుందో కూడా తెలుసు.

లస్మయ్య రోజూ సెట్టుకు పోయాడు. ఆ దర్వాజను మళ్ళీ లేపి, అడుగున సీలలు కొట్టి బిగించింది అతనే. సీల మీద ప్రతి దెబ్బా కృష్ణప్రసాద్ నెత్తిన వేస్తున్నట్టే కొట్టాడు. పైపుల ఊతలో ఒక్క బోల్టు వదులు చేస్తే గోడ కూలుతుందని తోచింది. తోచిన దాన్ని పని చేస్తూ చాలాసేపు నములుకున్నాడు. కూలితే దాని కింద పడేది నేపాలీలో, బిహారీలో. కృష్ణప్రసాద్ గోడల దగ్గర నిలబడే మనిషి కాదు, గొడుగు కింద నిలబడే మనిషి. ఆయన ఒక్కడి మీదే పడేది కావాలి. పడేటప్పుడు తను ఎదురుగా నిలబడి చూడాలి. అంతకంటే తక్కువైతే వద్దనుకున్నాడు.

ఆఫీసు వాళ్ళు గురువారం వస్తారని తెలిసింది. కృష్ణప్రసాద్ పనివాళ్ళందరినీ ఇసుకలో కూర్చోబెట్టి, ఎవరేం చెప్పాలో నేర్పించాడు. ఇంతకుముందు ఈ పని మాకు రాదు, ఇక్కడే నేర్చుకున్నాం, నేర్పించినవాళ్ళు మంచివాళ్ళు. ఒక్కొక్కడితో చెప్పించాడు. లస్మయ్య వంతు వచ్చింది. అతను లేచి నిలబడి, చేతులు కట్టుకుని, ఒక్క అక్షరం తప్పకుండా చెప్పాడు. శెభాష్ అన్నాడు కృష్ణప్రసాద్. అందరికంటే నువ్వే బాగా చెప్పావు, ఆఫీసు నుంచి వచ్చే మేడం ముందు నిన్నే నిలబెడతానన్నాడు.

లస్మయ్యకు కావాల్సింది అదే.

*

అయితే మంగళవారం అంజే కంపెనీ బస్సెక్కి సెట్టుకొచ్చాడు. రూంలో పొద్దుపోవడం లేదట. వేరే ఏమైనా పని ఇస్తారేమో అడుగుతానన్నాడు. ముఖం పీక్కుపోయింది, గడ్డం పెరిగింది, చెయ్యి గుండెకు ఆనించి పట్టుకున్నాడు. అట్లా ఎండలో నడిచివస్తుంటే డైరెక్టరు చూశాడు. చూసి కుర్చీలోంచి లేచాడు. గల్ఫ్ నుంచి చెయ్యి పోగొట్టుకుని వచ్చిన కొడుకు ఇంటి ముందు నిలబడే సీను ఒకటుందట. దానికి హైదరాబాదు నుంచి ఎవరినో పిలిపిస్తున్నారట. ఎందుకు, ఈ ముఖం ఉండగా అన్నాడు.

కృష్ణప్రసాద్ ముఖంలో ముందు భయం, తర్వాత ఒక ఆలోచన, తర్వాత నెమ్మది కనపడ్డాయి. లస్మయ్య కట్టె నునుపు చేసే రంధా పక్కన పెట్టి చూస్తూనే ఉన్నాడు. ఇప్పుడా కట్టుకు ఒక కారణం దొరికింది. ఎవరైనా అడిగితే మేకప్పు. సాయంత్రానికి అంజి మెడలోకి కొత్త ట్యాగు వచ్చింది, ఆర్టిస్టు అని. తెల్లచొక్కా ఇచ్చారు. మేకప్పు చేసే ఖుత్బుద్దీన్ కట్టు మీద ఎర్రరంగు అద్ది, అంచులకు నలుపు పూసి, నాలుగు దిక్కుల నుంచి చూశాడు.

ఆ రాత్రి రూంలో అంజి నవ్వాడు. దర్వాజ జారిననాటి నుంచి నవ్వడం అదే మొదలు. పెళ్ళాం సుమలతకు వీడియో కాల్ చేశాడు. సుమలత లస్మయ్య తమ్ముని బిడ్డ. గల్ఫ్‌లో ఏ దేశమైనా ఆమెకు దుబాయే.

"దుబాయ్ల సిన్మల పడ్డవట గదా, వాడకట్టంత అంటుర్రు. మా పెద్దబాపుకు గూడ ఇచ్చిర్రా యాషం?"

"మీ పెద్దబాపుకు దర్వాజ పట్టుకునే యాషం," అన్నాడు అంజి. "మొఖం కనవడది, వీపు కనవడ్తది."

ఆమె పడీపడీ నవ్వింది. చెయ్యి ఏంది గట్లుందని అడిగితే మేకప్ అన్నాడు. చూసినవా, నిజం లెక్కనే ఉంది అని ఆమె పక్కింటివాళ్ళకు ఫోను తిప్పి చూపించింది.

ఫోను పెట్టేశాక లస్మయ్య గట్టిగానే అన్నాడు. వాళ్ళు నీ పుండును అమ్ముకుంటున్నర్రా, రేపు నువ్వు ఎవనికి చెప్పినా మేకప్పే అంటరు అన్నాడు. అంజి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. సిన్మ అయినంక సారు చూస్తనన్నడు మామా, నువ్వు నడుమ చెడగొట్టకు అన్నాడు.

బుధవారం ఖుత్బుద్దీన్ లస్మయ్యను వ్యాను వెనక్కి పిలిచాడు. పాతబస్తీ మనిషి, పెద్దగా మాట్లాడడు. పొద్దున రంగు అద్దుతుంటే వాసన వచ్చిందని చెప్పాడు. "రంగు నేను పూస్తా భాయ్, వాసనకు నా దగ్గర ఏం లేదు. సార్‌కి చెప్పిన. అత్తరు కొట్టమన్నడు."

లస్మయ్య తలాడించి వచ్చేశాడు. అప్పటికి అప్పుడే అంజిని టాక్సీలో వేసుకుని పెద్దాసుపత్రికి పోవచ్చు. ఆ సంగతి తోచకపోలేదు. తోచింది. రేపు గురువారం అని కూడా తోచింది.

*

గురువారం పొద్దున కృష్ణప్రసాద్ లస్మయ్యను వెతుక్కుంటూ సెట్టు వెనక ఊతల నడుమకి వచ్చాడు. ఎప్పుడూ రాని చోటు. ఇస్త్రీ చొక్కాకు ప్లైవుడ్డు పొట్టు అంటుకుంది.

"లస్మయ్య గారూ," అన్నాడు. గారూ అనడం మొదటిసారి. "ఖుత్బుద్దీన్ నాకూ చెప్పాడు. రాత్రంతా నిద్ర లేదు నాకు. ఈ ఒక్క పూట ఓర్చుకోండి. వాళ్ళ కారు గేటు దాటగానే నేనే అంజిని పెద్దాసుపత్రికి తీసుకెళ్తాను. డ్యూటీలోనే తగిలిందని రాయిస్తాను. నా సంతకంతో. విశాల్ మీద ఒట్టు." విశాల్ ఆయన కొడుకు.

ఫోను తీసి చూపించాడు. ఆసుపత్రిలో తెలిసిన డాక్టరుకు పెట్టిన మెసేజీ, ఆయన రమ్మన్న జవాబు. మెసేజీ పెట్టింది తెల్లవారకముందు. లస్మయ్య ఆ టైము చూశాడు. అబద్ధం చెప్పేవాడు ఆ వేళకు లేచి డాక్టరును అడగడు. ఈ మనిషి నిజంగానే తీసుకుపోతాడనిపించింది. చేతికి అందిన ముద్ద ఎవరో లాక్కుంటున్నట్టయింది.

"సరే సార్," అన్నాడు. "గట్లనే కానీయండి."

కృష్ణప్రసాద్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. ట్యాగు కత్తిరించిన చెయ్యి అది. వేసి, నిమిరి, వెళ్ళిపోయాడు.

ఆఫీసు నుంచి వచ్చిన ఆమె పేరు సబ్రీన్. నల్ల అబాయా, తెల్ల బూట్లు, చేతిలో ఏమీ లేదు. వెంట కుర్ర అసిస్టెంటు ఫోటోలు తీస్తున్నాడు. ఆమె తొందరపడలేదు. గోడను వేలితో గీరి చూసింది, పొట్టు రాలితే నవ్వింది. వీళ్ళ ఊళ్ళో ఇళ్ళు ఇట్లాగే ఉంటాయా అని హిందీలో నేరుగా పనివాళ్ళనే అడిగింది. ఇంకా చిన్నగ ఉంటయి మేడం అన్నాడు ఎవరో. పక్కన కృష్ణప్రసాద్ ఇంగ్లీషులో చెప్పుకుపోతున్నాడు, ఎంతమందికి పని దొరికిందో, ఎవరెవరు ఏమేం నేర్చుకున్నారో. లస్మయ్యను ముందుకు నిలబెట్టాడు. లస్మయ్య చేతులు కట్టుకుని, నేర్పిన ముక్క నేర్పినట్టు చెప్పాడు. ఆమె బాగుందంది.

అప్పుడు ఆమె చూపు అంజి మీద పడింది. షాటు కోసం గడప పక్కన నిలబెట్టారతన్ని. కెమెరా సిద్ధంగా ఉంది. ఆమె దగ్గరికి నడిచి, కట్టు మీద ఎర్రరంగుకేసి వంగి చూసింది. చాలా బాగా చేశారు, ఎవరు చేశారని అడిగింది. ఖుత్బుద్దీన్ తల దించుకున్నాడు. ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టుకుంది, అత్తరుకో మరి దేనికో.

"మేడం," అన్నాడు లస్మయ్య. "హాదా మాఫీ మేకప్. ఇది సచ్చీ." మేకప్ కాదు, నిజమని తనకొచ్చిన అరబ్బీ, హిందీ ముక్కల్లో చెప్పాడు.

ఆమె అతని వైపు తిరిగింది. కృష్ణప్రసాద్ నవ్వాడు. వీళ్ళకు హాస్యం ఎక్కువ మేడం అన్నాడు. తర్వాత తెలుగులో, పెదవులు కదపకుండా, "మాటిచ్చావు లస్మయ్యా," అన్నాడు. గారు లేదు.

ఆమె అంజినే అడిగింది. నిజమైన దెబ్బా ఇది?

అంజి కృష్ణప్రసాద్‌ను చూశాడు, డైరెక్టరును చూశాడు, చివరికి మామను చూశాడు. ఆ చూపులో వద్దని ఉంది. "మేకప్, మేడం," అన్నాడు.

ఆమె సరేనని అడుగు వెనక్కి వేసింది. ఇంకొక అడుగు వేస్తే గొడుగు కిందికి పోతుంది, చాయ్ ఇస్తారు, కారెక్కుతుంది. లస్మయ్య ముందుకొచ్చి అంజి కుడిచెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. మెల్లగానే తీసుకున్నాడు. అంజి కూడా ఏదో సర్దుతున్నాడనుకుని వదిలేశాడు. తర్వాత లస్మయ్య నొక్కాడు. జిగురు పూసిన చెక్కలు అతుక్కునేదాకా నొక్కినట్టు, మోచేతుల బలం, భుజాల బలం దించి నొక్కాడు.

అంజి అరిచిన అరుపుకు అసిస్టెంటు చేతిలో ఫోను కింద పడింది. మానిటరు ముందు కూర్చున్న డైరెక్టరు కెమెరా ఆపొద్దని చెయ్యి ఊపాడు. ఎర్రరంగు కింద నుంచి ఇంకో రంగు వచ్చింది, చిక్కగా, పచ్చగా, లస్మయ్య వేళ్ళ సందుల నుంచి కారింది. దానితోపాటు వాసన వచ్చింది. ఏ అత్తరూ ఆపలేని వాసన.

సబ్రీన్ తన ఫోను తీసి, అంబులెన్సుకు తనే చేసింది. ఆ తర్వాత కృష్ణప్రసాద్ చెప్పబోయిన దేనికీ ఆమె తల తిప్పలేదు.

*

సెట్టు ఆగింది. మధ్యాహ్నానికి గేటుకు తాళం పడింది. హైదరాబాదు వాళ్ళు హోటలుకు పోయారు, వాపసు సంగతి ఇక మరిచిపోవాల్సిందేనని బస్సులో చెప్పుకున్నారు. నేపాలీలు తెల్లారి నుంచి మళ్ళీ షట్టరింగుకేనని మొహాలు వేలాడేసుకున్నారు. నీడపట్టున పని, వేళకు భోజనం, అన్నీ పోయాయి. బస్సు దిగేటప్పుడు ఒక్కడూ లస్మయ్యతో మాట్లాడలేదు. అతనికి ఆ సంగతి పట్టలేదు. ఆసుపత్రికి పోయాడు.

ఉర్దూ తెలిసిన పోలీసు ఒకాయన మంచం పక్కన కూర్చుని అడుగుతున్నాడు. ఎక్కడ తగిలింది, ఎట్లా తగిలింది. లస్మయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు. అంజి మళ్ళీ మేకప్ అంటే అన్నీ మట్టే.

అనలేదు. షూటింగ్‌లో తగిలిందన్నాడు. దర్వాజ జారిందనీ, నేల పడొద్దని చెయ్యి పెట్టాననీ చెప్పాడు. ట్యాగు కత్తిరించిన సంగతి, క్లినిక్‌లో బాత్రూం అని చెప్పిన సంగతి, అన్నీ చెప్పాడు. ఇవాళ ఒత్తిందెవరని కూడా అడిగాడు పోలీసు. ఎవరూ ఒత్తలేదు, చెయ్యి చూపించబోతే తగిలిందన్నాడు అంజి. పోలీసు రాసుకుని, ఇది డ్యూటీ కేసే, చూసుకుంటారని చెప్పి పోయాడు. రెండు వేళ్ళు తీసేయాలని, మిగతావి దక్కుతాయని డాక్టరు అప్పటికే చెప్పిపోయాడట. ముందే తెస్తే బాగుండేదన్నాడట. ఎంత ముందు అనేది అంజి అడగలేదు.

లస్మయ్య స్టూలు లాక్కుని కూర్చున్నాడు. గెలిచినట్టే ఉంది అతనికి. ఇన్సూరెన్సు వస్తుందిరా అన్నాడు. ఆ సారు కంపెనీ ఇక లేవదన్నాడు. వాని మొఖం చూసినవా, నెత్తురు సుక్క లేదు అన్నాడు. చెప్తుంటే గొంతులో హుషారు వచ్చింది.

అంజి కొత్త కట్టు కట్టిన చెయ్యిని దిండు మీదికి జరుపుకున్నాడు.

"పొద్దున సారు నీ దగ్గరికి అచ్చిండట గదా," అన్నాడు. "దవాఖానకు తోల్క పోత, డ్యూటీల రాయిస్త అన్నడట. నాతోని గూడ అన్నడు."

"అంటడు. వాని మాట నమ్ముతవా?"

"నువ్వు నమ్మలేదా?"

లస్మయ్య కిటికీ పరదా సర్దాడు.

"నొక్కినవ్, మంచిది. నిజం బయట వడ్డది," అన్నాడు అంజి. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "కని నువ్వు నా దిక్కు చూడనే లేదు మామా. చెయ్యి నాది వట్టినవ్. కండ్లు ఆ సారు మొఖం మీద వెట్టినవ్. నేను మొత్తుకున్నప్పుడు గూడ ఇటు తిరగలేదు."

లస్మయ్య లేచాడు. చాయ్ తెస్తా అన్నాడు.

కింద క్యాంటీనులో చాయ్ తీసుకుని, బయట అరుగు మీద కూర్చున్నాడు. వాడన్నది అబద్ధమని తేల్చుకుందామని కళ్ళు మూసుకున్నాడు. నొక్కినప్పుడు అంజి ముఖం ఎట్లా ఉంది? నోరు తెరిచాడా, పళ్ళు బిగబట్టాడా, కళ్ళలో నీళ్ళొచ్చాయా? ఎంత తవ్వినా ముఖం రాలేదు. తెల్లచొక్కా వచ్చింది, ఆ పైన ఏమీ లేదు.

కృష్ణప్రసాద్ ముఖం మాత్రం పిలవకుండానే వచ్చింది. ముందు నవ్వు ఉన్నచోటే ఆగిపోవడం, కళ్ళద్దాలు ముక్కు మీదికి జారడం, కింది పెదవి వేలాడటం, ఆ పెదవి మీద చిన్న పొట్టు తునక. లస్మయ్య దాన్ని మొదటి నుంచి చివరిదాకా చూశాడు. అయిపోయాక మళ్ళీ మొదటి నుంచి చూశాడు. పైన వార్డులో అంజి ఒక్కడే ఉన్నాడని తెలుసు. చాయ్ చల్లారుతోందని తెలుసు. ఆ సారు ముఖం ఇంకొక్కసారి చూసి లేద్దామనుకున్నాడు.